అటక మీది బొమ్మకు అమెరికాలో అద్దాల బీరువా

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల పల్లెల్లో "పాత ఇత్తడికి, రాగికి కొత్త స్టీలు గిన్నెలు" అన్న కేక వినని వీధి లేదు. ఒకప్పుడు సైకిలు మీద వచ్చేవారు, ఇప్పుడు ఆటోలో మైకు పెట్టుకుని వస్తున్నారు. తాతల నాటి దీపపు సెమ్మెలు, గంధపు గిన్నెలు, చెక్కడపు పనితనం ఉన్న ద్వారబంధాలు తూకానికి, బేరానికి పోతున్నాయి.

ఈ విలేఖరి ఇంట్లోనూ అదే జరిగింది. మా తాత భారతం ఉత్సవాల్లో దుర్యోధనుడి వేషం కట్టేవారు. ఆయన ధరించిన కొయ్య కిరీటం, అద్దం ముక్కలు పొదిగిన భుజకీర్తులు చాలాకాలం అటక మీద ఉండేవి. చెదలు పడుతున్నాయని మా అమ్మ ఒకనాడు వాటిని ఇత్తడి తాంబాళంతో పాటు ఇచ్చివేసింది. బదులుగా వచ్చినవి రెండు స్టీలు డబ్బాలు. "పాత కట్టెలే గదా నాయనా, పొయ్యిలో పెట్టను మనసు రాక ఇచ్చేసినా" అన్నది. ఆమెను తప్పు పట్టలేము. వాటికి విలువ ఉందని ఆమెకు చెప్పినవారెవరు?

లక్ష బొమ్మల మనిషి

అమెరికాలో అలెగ్జాండర్ గిరార్డ్ అనే భవన రూపశిల్పి ఉండేవారు. 1955లో న్యూయార్కులో భారతీయ వస్త్రాలు, అలంకార కళల ప్రదర్శనను తీర్చిదిద్దింది ఆయనే. ఆయన, ఆయన భార్య కలిసి దాదాపు వంద దేశాల జానపద కళావస్తువులు లక్షకు పైగా సేకరించారు. అవి రాజుల నగలు కావు. కుమ్మరి చేసిన మట్టిబొమ్మలు, వడ్రంగి చెక్కిన ఆటవస్తువులు, ఆడవాళ్లు ఇంట్లో కుట్టిన గుడ్డలు. 1978లో ఆ సేకరణనంతా శాంటాఫే నగరంలోని అంతర్జాతీయ జానపద కళల మ్యూజియానికి ఇచ్చివేశారు. 1982 నుంచి అక్కడ ప్రజలు చూస్తున్నారు.

మన దగ్గరా అటువంటి వారు లేకపోలేదు. మూడవ సాలార్‌జంగ్ సేకరించిన వస్తువులతో హైదరాబాదులో 1951లో మ్యూజియం తెరిచారు. జగదీశ్ మిట్టల్, కమలా మిట్టల్ దంపతులు తెలంగాణ పటచిత్రాల వంటివి వెదికి పోగుచేసి 1976లో మ్యూజియం నెలకొల్పారు. వీరి వంటివారు పట్టించుకోకపోతే ఎన్నో పటాలు చిత్తుకాగితాల్లో కలిసిపోయేవి.

పాత నమూనా ఉంటేనే కొత్త పని

శ్రీకాళహస్తి కలంకారీ ఒక దశలో అంతరించే స్థితికి వచ్చింది. 1950ల చివర అక్కడ శిక్షణ కేంద్రం పెట్టి, పని తెలిసిన పెద్దల చేత పిల్లలకు నేర్పించడంతో మళ్లీ ఊపిరి పోసుకుంది. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పుడు ఆ తోలుతోనే దీపపు తొడుగులు చేసి అమ్ముకుంటున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. చేయి తిరిగిన మనిషి, చూసి నేర్చుకునే పాత వస్తువు, రెండూ ఉంటేనే పని నిలుస్తుంది.

మన పడమటి ప్రాంతంలో భారతం వేషాల సొమ్ములున్నాయి. పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతర, కుప్పం గంగమ్మ జాతరలో వాడే వస్తువులున్నాయి. ఇవి ఏటా పనికి వస్తాయి కనుక బతికి ఉన్నాయి. వాడుక తప్పిన ఇళ్లలోని వస్తువులకే ముప్పు.

చట్టం ఏమంటున్నది

కొనడంలోనూ మంచి చెడ్డలున్నాయి. ప్రకాశం ప్రాంతంలోని చందవరంలో 2001లో దొంగిలించిన బౌద్ధ శిల్పం చివరకు ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో తేలింది. 2016లో వారు తిరిగి అప్పగించారు.

1972 నాటి పురావస్తువుల చట్టం 1976 ఏప్రిల్ 5 నుంచి అమలులో ఉంది. దాని ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువులు పురావస్తువులే. రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వీటిని ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపరాదు. పంపితే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా. ఈ వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. రాతి, లోహ విగ్రహాలు, పాత చిత్రాలు, బొమ్మలున్న రాతప్రతులు ఇంట్లో ఉన్నవారు రిజిస్టరు చేయించుకోవాలి. ఆ పని చేసినంత మాత్రాన వస్తువు మీద హక్కు పోదు.

ఊరివారు చేయగలిగింది

అమ్మవద్దని ఎవరూ అనలేరు, ఇంటి అవసరం ఇంటిది. అయితే అమ్మేముందు ఇంట్లో పెద్దవారిని ఒక మాట అడగాలి. అది ఎవరు చేసింది, ఎవరు వాడింది, ఏ పండుగకు తీసేవారు అన్నది నాలుగు ముక్కలు రాసి, ఫోనులో ఒక ఫోటో తీసి పెట్టుకోవాలి. గుడి వస్తువులకు నలుగురి సమక్షంలో జాబితా ఉండాలి. ప్రతి హైస్కూలులో ఒక బీరువా ఇందుకు కేటాయిస్తే పిల్లలే ఇళ్ల నుంచి తెచ్చి నింపుతారు. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వారు ఊరూరా ఈ వివరాలు రాయించడానికి పూనుకుంటే మేలు.

మా తాత భుజకీర్తులు ఇప్పుడు ఏ ఊళ్లో ఏ గోడకు వేలాడుతున్నాయో తెలియదు. చూసినవారు బాగున్నాయనే అంటారు. ఏ ఊరి దుర్యోధనుడివో చెప్పే చీటీ మాత్రం వాటి వెంట పోలేదు.