వినైల్ రాక్షసుడి ఒంటిరంగు

టోక్యోలోని మారుసాన్ అనే బొమ్మల కంపెనీ 1966లో గాడ్జిల్లానూ, ఆ ఏడాదే టీవీలో మొదలైన ‘అల్ట్రా క్యూ’ రాక్షసులనూ మెత్తటి వినైల్ బొమ్మలుగా దింపింది. ‘అల్ట్రా క్యూ’ ప్రసారమైంది నలుపు తెలుపుల్లో. 1954 నాటి తొలి గాడ్జిల్లా సినిమా కూడా అంతే. బొమ్మలు మాత్రం కంటికి కొట్టొచ్చే రంగుల్లో వచ్చాయి. పిల్లల్ని ఆకట్టుకోవడానికే అలా చేశారని అనుకుంటాం. అది కొంతవరకే నిజం. మిగతా కారణం తెలియాలంటే కార్ఖానాలోకి వెళ్లాలి.

జపాన్‌లో సోఫుబి అని పిలిచే ఈ బొమ్మకు ముడిసరుకు ప్లాస్టిసాల్. పీవీసీ పొడిని, దాన్ని మెత్తబరిచే నూనెలాంటి ద్రవంలో కలిపితే వచ్చే చిక్కటి జారుముద్ద ఇది. రంగుపొడి కూడా ఇందులోనే కలిపేస్తారు. మైనంతో చేసిన మూలరూపం మీద విద్యుత్తుతో లోహం పూత ఎక్కించి, లోపలి మైనాన్ని కరిగించేస్తే మిగిలే డొల్లే అచ్చు. తల, మొండెం, చేతులు, కాళ్లు... అన్నింటి అచ్చుల్నీ ఒకే పలకకు బిగించి, ముద్ద పోసి, కాగే నూనెలో ముంచుతారు. లోహాన్ని తాకిన పొర, పెనం మీద దోసెపిండిలా, ముందుగా గట్టిపడుతుంది. నడుమ ఇంకా జారుగా ఉన్నదాన్ని వంచేసి, పొరను మళ్లీ నూనెలో పూర్తిగా ఉడికిస్తారు. తర్వాత అచ్చును కాసేపు నీళ్లలో ఉంచి, వినైల్ ఇంకా వేడిగా ఉండగానే పటకారుతో పట్టి లాగుతారు. లావుపాటి కాలు తనకంటే సన్నటి రంధ్రంలోంచి సాగి బయటపడి, మళ్లీ తన ఆకారానికి వచ్చేస్తుంది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటేసే పని ఇదొక్కటే.

వంచేసిన ముద్ద వృథా పోదు, మళ్లీ పాత్రలోకే చేరుతుంది. రంగు మార్చాలంటే పాత్రతో సహా అన్నీ కడగాల్సిందే. అందుకే ఒక విడత మొత్తానికి ఒకటే రంగు. తల ఒక రంగు, కాళ్లు ఇంకో రంగు కావాలంటే వేరే విడత, వేరే ఖర్చు.

అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. స్ప్రే గన్‌తో కొట్టే ప్రతి రంగూ మనిషి చేత్తో చేసే పనే. కళ్లకీ పళ్లకీ ఆకారానికి సరిపడే లోహపు మాస్కులు తొడగాలి. చవకగా అమ్మాల్సిన బొమ్మకు ఇన్ని చేతులు గిట్టవు. కాబట్టి ఒంట్లో ఎక్కువ భాగానికి పనికొచ్చే రంగునే ముద్దలో కలిపి, పైన రెండు మూడు రంగులు పలచగా తుంపరలా చల్లి వదిలేసేవారు. తుంపర పొలుసుల అంచుల మీద పడుతుంది. వాటి మధ్య లోతుల్లో అసలు వినైల్ కనిపిస్తూ నీడ పని తనే చేసిపెడుతుంది. ఆటలో ముక్కు అరిగి పెయింటు పోయినా కింద తెల్లటి మచ్చ తేలదు. మనిషి బొమ్మల్ని ఒంటిరంగు వినైల్‌తో పోయడం కూడా ఇందుకే: ముఖానికి కళ్లూ పెదాలూ దిద్దితే చాలు.

రసాయనం పెట్టే షరతులు కూడా ఉన్నాయి. వేడి ఎక్కువైతే పీవీసీ నుంచి హైడ్రోజన్ క్లోరైడ్ విడిపోయి అది పసుపుబారుతుంది, ఇంకా ముదిరితే గోధుమరంగుకు తిరుగుతుంది. ముదురు రంగులో ఈ లోపం దాగుతుంది, తెలుపులో దాగదు. రంగే కలపని పారదర్శక వినైల్‌లో చిన్న గాలిబుడగైనా పట్టిస్తుంది. ఇక కొన్ని రంగుద్రవ్యాలు మెత్తబరిచే ద్రవంతో పాటు మెల్లగా పైకి పాకుతాయి. అలాంటి ఎరుపు మీద తెల్ల పెయింటు కొడితే కొన్నాళ్లకు అది గులాబీ అయి కూర్చుంటుంది. మామూలు పెయింటైతే అదే ద్రవాన్ని పీల్చి జిగటపడుతుంది. అందుకే వినైల్‌కు సరిపడే పెయింటే వాడతారు.

1968లో మారుసాన్ దివాలా తీసింది. దాని పాత ఉద్యోగులు బుల్‌మార్క్ కంపెనీ పెట్టి, పాత అచ్చుల్లోనే రంగులు మార్చి బొమ్మలు పోశారు. కొత్త అచ్చు చేయించడం కంటే ముద్దలో వేరే పొడి కలపడం ఎంతో చవక. పొదుపు కోసం పట్టిన ఆ దారే ఇప్పుడు, పెద్దవాళ్లు ఎగబడి కొనే కాలంలో, వ్యాపారమంతటికీ ఆధారమైంది. ఒకే అచ్చులోంచి చీకట్లో మెరిసేది, పారదర్శకంగా ఉండేది, పెయింటు అసలు వేయనిది వస్తాయి, దేని ధర దానిదే. పాతవి సేకరించేవాళ్లకు పై పెయింటు మీద అంత నమ్మకం ఉండదు, ఎవరైనా తర్వాత కొట్టి ఉండొచ్చు. ఈ బొమ్మల అవయవాలకు జిగురు ఉండదు కాబట్టి చెయ్యి ఊడదీసి కీలు లోపలికి చూస్తారు. కార్ఖానాలో పోసిన రంగు అక్కడ ఉన్నదున్నట్టు కనిపిస్తుంది.