మీకు తెలుసా? గవ్వలు లేని వైకుంఠపాళి!

రాజోలు వైపు శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి పరిచి గవ్వలు వేసినవాళ్లకు పెద్దపాము సంగతి చెప్పక్కర్లేదు: పరమపదం అందేలోపే మింగి అడుక్కి దింపేస్తుంది. 2017లో బెన్నెట్ ఫాడీ విడుదల చేసిన వీడియో గేమ్ 'గెటింగ్ ఓవర్ ఇట్'ది ఇదే బాపతు. నడుందాకా గంగాళంలో కూరుకుపోయిన మనిషి చేతిలోని సుత్తే ఆధారంగా కొండెక్కాలి. మధ్యలో ఎక్కడా చెక్‌పాయింట్ ఉండదు. పట్టు జారితే గంటల కష్టం గంగపాలే. పైగా పడ్డప్పుడు ఫాడీయే గొంతు విప్పి ఓటమి మీద సూక్తులు వినిపిస్తాడు!

2019 నాటి 'జంప్ కింగ్' కూడా అంతే: గెంతు తప్పిందా, కిందికే. గవ్వలాటలో ఓడితే అదృష్టాన్ని తిట్టుకోవచ్చు. ఈ ఆటల్లో తప్పంతా మన వేళ్లదే.