ఫ్రిజ్ కొనేముందు నంబరు అడగండి

మా నాయన బి అండ్ సి మిల్లులో బట్ట చూసి పాస్ చేసేచోట పనిచేసినాడు. నూలు తెగినచోట, మరక పడినచోట గుర్తు పెట్టడం ఆయన పని. తప్పు లేదంటేనే తాను మీద మిల్లు ముద్ర పడేది. "ముద్ర వేసినామంటే, రేపు బట్టలో చిరుగు కనబడితే అడగడానికి ఒకడున్నాడని అర్థం" అనేవాడు. 1996లో మిల్లు మూతపడింది. కొన్నేళ్లకు నాయనా పోయినాడు. ఆ మాట నాకు మళ్లీ గుర్తొచ్చింది ఒక ఫ్రిజ్ వల్ల.

2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకు ఓట్టేరిలో మా ఇంట్లోకి మోకాటిలోతు నీళ్లొచ్చినాయి. పాత ఫ్రిజ్ నీళ్లలో నాని చెడిపోయింది. మా ఆయనకు ఇన్సులిన్. వాడని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి, ఫ్రిజ్ లేకుంటే కుదరదు. చీటీ ఎత్తి, తక్కువ ధరకు వస్తుందని ఒక చిన్న కొట్టులో పేరు విననిది కొన్నాం. "కొత్తదే అక్కా, భయపడొద్దు" అన్నాడు కొట్టతను. బిల్లు బదులు తెల్లకాగితం మీద రాసిచ్చినాడు.

పది రోజులకు మనవడు తడికాళ్లతో వచ్చి తలుపు పట్టుకుని కెవ్వుమన్నాడు. దేవుడి దయ, వెంటనే చెయ్యి వదిలేసినాడు. పక్కింటి ఎలక్ట్రీషియన్ పిల్లవాడు టెస్టర్ పెడితే ఫ్రిజ్ బాడీ మీదే లైటు వెలిగింది. "పిన్నీ, దీనికి ఎర్తే లేదు. వెనక చూడు, ఐఎస్‌ఐ బొమ్మ ఉంది గానీ కింద నంబరు లేదు" అన్నాడు. అప్పటిదాకా ఆ బొమ్మ ఉంటే చాలనుకున్నాను నేను.

తర్వాత తెలుసుకున్నది మీకూ చెబుతాను.

ఐఎస్‌ఐ ముద్ర ఇచ్చేది బీఐఎస్ అనే కేంద్ర సంస్థ. దక్షిణాదికి దాని ప్రాంతీయ ఆఫీసు మన తరమణిలోనే ఉంది. ఇంట్లో వాడే ఫ్రిజ్‌లకు ఈ ముద్ర తప్పనిసరి చేస్తూ కేంద్రం 2020లో ఉత్తర్వు ఇచ్చింది. కంపెనీ దరఖాస్తు పెడితే అధికారులు ఫ్యాక్టరీకి వస్తారు. మిషన్లు, పరీక్షలు చేసే సామాను, పనితీరు చూస్తారు. నమూనా ఫ్రిజ్‌ను ల్యాబులో పరీక్షిస్తారు. కరెంటు బాడీకి దిగుతుందా, బయట ఎండ మండుతుంటే లోపల చల్లదనం నిలుస్తుందా, ఇట్లాంటివన్నీ అక్కడ తేలాలి. నెగ్గితేనే లైసెన్సు. ఆ తర్వాత కూడా ఫ్యాక్టరీ నుంచి, బజారు నుంచి నమూనాలు తీసి చూస్తారు.

అందుకే ముద్రను మూడు ముక్కలుగా చదవాలి. పైన ఐఎస్ అని ప్రమాణం నంబరు, నడుమ ఐఎస్‌ఐ గుర్తు, కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు. ఈ మూడోదే అసలు సంగతి. ఫోనులో బీఐఎస్ కేర్ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే తయారుచేసినవారి పేరు, ఊరు, ఏ సరుకుకు ఇచ్చినారు, లైసెన్సు ఇప్పుడు నడుస్తున్నదా లేదా అన్నీ కనబడతాయి. ఫ్యాను కంపెనీ నంబరు ఫ్రిజ్ మీద అతికించినా అక్కడే దొరికిపోతుంది.

నక్షత్రాల స్టిక్కరు వేరే సంగతి. అది బీఈఈ వాళ్లది, కరెంటు ఎంత తాగుతుందో చెబుతుంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు అది 2010 నుంచి తప్పనిసరి. నక్షత్రాలున్నాయని ఐఎస్‌ఐ చూడకుండా ఊరుకోవద్దు.

సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లం మనలో ఎక్కువమంది. పాత ఫ్రిజ్ మీద ముద్ర అది ఫ్యాక్టరీ దాటిన నాటి సంగతే చెబుతుంది. తర్వాత ఎవరో కంప్రెసర్ మార్చి, వైరు అతికించి ఉంటే దానికి ముద్ర పూచీ లేదు. కాబట్టి తెచ్చుకోగానే ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ చూపించండి. మూడు పిన్నుల ప్లగ్గు కోసేసి రెండు పిన్నులది పెట్టనివ్వకండి. ఇప్పటి ఫ్రిజ్‌లు చాలావాటిలో ఆర్600ఏ అనే మండే గ్యాసు ఉంటుంది. తెలియనివాడి చేత గ్యాసు నింపించొద్దు.

మా సంగతంటారా? కొట్టతను ముందు కసురుకున్నాడు. యాప్‌లోనే కంప్లయింటు పెడతానన్నాక ఫ్రిజ్ వెనక్కి తీసుకున్నాడు. డబ్బులో మాత్రం రెండువేలు పట్టుకున్నాడు. సరైన బిల్లు లేకపోవడంతో గట్టిగా అడగలేకపోయాను. బిల్లు చేతిలో ఉంటే 1915కు ఫోన్ చేయండి. అది వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనూ మాట్లాడతారు.

తర్వాత కొన్నది చిన్నదే, వాయిదాల మీద. కొట్టులో నిలబడి నంబరు ఫోనులో కొట్టి చూసినాను. సేల్స్‌మన్ విసుక్కున్నాడు. విసుక్కోనీ. మా నాయన తానులు తిరగేస్తుంటే సూపర్‌వైజర్లూ అట్లాగే విసుక్కునేవారట.