చెరకు తోటకు నిప్పు: మంట నిమిషాలు, నష్టం రోజులు

ఉయ్యూరు: సంక్రాంతి దాటి ఎండ ముదిరేకొద్దీ చెరకు రైతుకూ, బెల్లం వర్తకునికీ నిప్పు భయం పట్టుకుంటుంది. నల్లమలలో వేసవి కార్చిచ్చు అందరికీ తెలిసిందే. కాలువల కింద పచ్చగా ఉండే డెల్టాకు ఆ బెడద ఏమిటని పైవారు అనుకోవచ్చు. కోతకు వచ్చిన తోటలోకి వెళ్ళి చూస్తే సంగతి బోధపడుతుంది. కింది ఆకు మొత్తం ఎండి గడలకు వేలాడుతూ ఉంటుంది. పక్క చేలో చెత్తకు పెట్టిన మంట, గాలికి రాసుకున్న కరెంటు తీగలు, గట్టు మీద విసిరేసిన చుట్టపీక, ఏదైనా చాలు.

ఆకు కాలడానికి పట్టేది నిమిషాలే. మంట ఆరాక గడలు నల్లబడి నిలబడే ఉంటాయి. పంట దక్కిందిలే అని చూసినవారు ఊరట చెందుతారు. వ్యవహారం తెలిసినవారు మాత్రం అప్పటి నుంచి గంటలు లెక్కపెడతారు.

కారణం ఇది. వేడికి గడ మీది మైనపు పొర పోతుంది, తొక్క పగులుతుంది, నీరు ఆవిరై తూకం తగ్గడం మొదలవుతుంది. పగుళ్ళలో నుంచి సూక్ష్మజీవులు లోపలికి చేరి చక్కెరను తిని డెక్‌స్ట్రాన్ అనే జిగురును పుట్టిస్తాయి. ఈ జిగురు రసంతో పాటు ఫ్యాక్టరీలోకి పోతే వడపోత మందగిస్తుంది, పాకం సరిగా గింజ కట్టదు, బస్తాలోకి రావలసిన చక్కెర మొలాసిస్‌లోకి జారిపోతుంది. అందుకే కాలిన చెరకును ఒక రోజులో, మహా అయితే రెండు రోజుల్లో గానుగాడించాలంటారు. మూడో రోజు యార్డులో నిలబడిన ట్రాక్టరులో ఉన్నది పేరుకే చెరకు.

రూపాయల్లో చూద్దాం. 2025-26 సీజనుకు కేంద్రం నిర్ణయించిన న్యాయమైన, లాభదాయక ధర క్వింటాలుకు 355 రూపాయలు. ఇది 10.25 శాతం రికవరీకి. ఆ పైన ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు కలుస్తుంది, దిగువన అంతే తగ్గుతుంది. 9.5 శాతం, అంతకు తక్కువ వచ్చిన చోట 329.05 రూపాయలకు తగ్గకూడదు. లెక్క కోసం ఎకరాకు 35 టన్నులు అనుకుంటే, తూకంలో ఐదు శాతం పోయినా 1.75 టన్నులు, అంటే ఎకరాకు 6,200 రూపాయల పైమాటే. ఇది రైతు సొంత నష్టం. రికవరీ సంగతి వేరు. దానిని ఫ్యాక్టరీ సగటు మీద కడతారు కనుక, కాలిన సరకు ఎక్కువగా వచ్చిన సీజనులో నిప్పు ముఖం చూడని రైతు కూడా కొంత భరిస్తాడు. ఈ విషయం చెరకు సంఘాల సమావేశాల్లో వినిపించవలసినంతగా వినిపించదు.

అసలు చిక్కు వరుసలో ఉంది. కోతకు పర్మిట్లు వంతుల ప్రకారం ఇస్తారు. కాలిన తోటకు వంతు ముందుకు జరపాలి. జరిపితే నెలల తరబడి ఎదురు చూస్తున్నవారు ఊరుకోరు. పైగా ఆకు కాలితే కోత సులువు, కూలీల ఖర్చు కలిసివస్తుంది. కూలీలు దొరకని రోజుల్లో కావాలనే అంటించారన్న అనుమానం ప్రతి మంట వెనుకా ఉంటుంది. ఆ అనుమానంతోనే కోతలు, బేరాలు మొదలవుతాయి. బేరం సాగుతున్నంతసేపూ గడలో చక్కెర తరుగుతూనే ఉంటుంది. తప్పెవరిదన్నది తరువాత తేల్చుకుని సరకును ముందు గానుగకు ఎక్కించడమే ఇరువర్గాలకూ లాభమని మా అభిప్రాయం. 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం సరకు చేరిన 14 రోజుల్లో సొమ్ము చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ. రోజులకు విలువ కట్టడం చట్టానికి తెలుసు, గంటలకు కట్టేవారు లేరు.

ఫ్యాక్టరీ కాదంటే బెల్లం బట్టీకి తోలవచ్చు కదా అనేవారున్నారు. కుదరదు. చక్కెర విరిగిన రసం గట్టిగా దిమ్మ కట్టదు, రంగు నల్లబడుతుంది, వానాకాలంలో చెమ్మ పట్టి కారుతుంది. అనకాపల్లి మార్కెట్లో రంగు చూసే ధర కట్టే వర్తకునికి ఇది వివరించనక్కరలేదు. బీమా మీద ఆశ కూడా పరిమితమే. ప్రధానమంత్రి ఫసల్ బీమా నియమాల్లో సహజంగా పుట్టిన నిప్పు, పిడుగు ఉన్నాయి కానీ, నివారించదగిన నష్టాలకు వర్తించదు. దిగుబడి లెక్క ప్రాంతం మొత్తానికి కడతారు కనుక ఒక్క కమతం కాలితే ఆ లెక్కలో కనబడదు.

ఇక నిప్పు వార్త విని సరకు పట్టేవారి సంగతి. ఇందుకు 2024లో బ్రెజిల్ ఉదంతం చూడవలసినది. అక్కడి చెరకులో పెద్ద వాటా సావోపావులో రాష్ట్రానిది. మనకు వానలు పడే నెలల్లో వారికి ఎండు రుతువు. కోతకు ముందు తోట తగలబెట్టే ఆచారాన్ని మాన్పించేందుకు ఆ రాష్ట్రం 2002లోనే చట్టం చేసింది. యంత్రాలతో పచ్చిగా కోయడం అలవాటైంది. దాంతో ఎండాకు నేల మీద దుప్పటిలా మిగులుతోంది. భూమికి అది మేలే, కానీ కరువు ఏడాదిలో అదే వంటచెరకు. 2024 ఆగస్టు చివరి వారంలో రిబెయ్‌రావ్ ప్రెటో ప్రాంతంలో తోటలు వరుసగా అంటుకున్నాయి.

న్యూయార్క్‌లో ముడి చక్కెర వాయిదా ధర ఆగస్టులో పౌనుకు 18 సెంట్ల దరిదాపుల్లో ఉన్నది సెప్టెంబరు చివరికి 23 సెంట్లు దాటింది. కరువు, మంటలు రెండూ కలిసి ధరకు ఊపునిచ్చాయి. తరువాత? 2025 జూలైలో ధర 17 సెంట్లకు దిగువన ఉంది. పొగ చూసి కొన్నవారి సంగతి చెప్పనక్కరలేదు.

నిప్పు వార్తలో చూడవలసింది ఏది కాలిందన్నది. నిలువు చెరకు కాలితే ఫ్యాక్టరీలు వెంటనే ఆడించేస్తాయి. సరకు మాయం కాదు, ముందే వస్తుంది, కాకపోతే పలచగా వస్తుంది. కోసిన తోటలో మొలిచిన కార్శి పిలకలు కాలితే ఆ కొరత ఈ సీజనులో కనబడదు, వచ్చే ఏడాది తూకంలో తేలుతుంది. సావోపావులోలో ఈ రెండు రకాలూ కాలాయి. మార్కెట్ మాత్రం రెండింటికీ ఒకే రోజు ధర కట్టింది. గోదాము కాలితే మరో కథ. 2013 అక్టోబరులో శాంతోస్ రేవులో కోపర్సుకార్ సంస్థ గోదాములు కాలి లక్షా 80 వేల టన్నుల ముడి చక్కెర పోయింది. తయారైన సరకు పోయింది కనుక ఆ రోజే ధర ఎగిరింది.

బెజవాడ చక్కెర వర్తకునికి ఇంకో అడ్డు ఉంది. న్యూయార్క్ ఎగిరినంత మాత్రాన ఇక్కడ బస్తా కదలదు. 2022 జూన్ నుంచి ఎగుమతులు కేంద్రం అనుమతి మీదనే నడుస్తున్నాయి. 2023-24 సీజనుకు కోటా లేదు, మళ్ళీ 2025 జనవరిలో పది లక్షల టన్నులకు అనుమతి వచ్చింది. సావోపావులో మంటలు రేగినప్పుడు మన తలుపు మూసే ఉంది. ఏ నెలకు ఎంత సరకు వదలాలన్నదీ ఢిల్లీలోనే తేలుతుంది. బ్రెజిల్ నుంచి తంతి వచ్చిన రోజున ఇక్కడి దళారీ చూడవలసింది ఆ నెల విడుదల కోటా. ఉయ్యూరు పరిసరాల్లో మంట రేగిన రోజున చూడవలసింది కాటా దగ్గర ట్రాక్టర్ల వరుస పొడవు.