బొగ్గు నుంచి డబ్బు వెనక్కి!

'పెట్టుబడుల ఉపసంహరణ' అన్న మాట వినబడితే చాలు, శ్రీరాంపూర్ గని కార్మికుడి గుండె గుభేలుమంటుంది. ప్రభుత్వం తన వాటాను ప్రైవేటుకు అమ్మేస్తుందనే ఇక్కడ ఆ మాటకు అర్థం. ఐర్లండ్‌లో అదే మాటకు మరో అర్థముంది. భూమికి చేటు చేసే వ్యాపారాల్లోంచి ప్రజల సొమ్మును వెనక్కి తీసుకోవడం! బొగ్గు, చమురు, గ్యాస్, పీట్ కంపెనీల్లో దేశం డబ్బు ఉండకూడదని చట్టం చేసిన మొదటి దేశం అదే.

ఒక్కడి బిల్లు

ఆ బిల్లు ప్రభుత్వం పెట్టింది కాదు. డొనెగల్ నుంచి గెలిచిన స్వతంత్ర సభ్యుడు థామస్ ప్రింగిల్ 2016లో ప్రవేశపెట్టారు. దేశం తరఫున పెట్టుబడులు పెట్టే నిధిలో అప్పట్లో సుమారు 890 కోట్ల యూరోలుండేవి. అందులో 30 కోట్లకు పైగా ఈ ఇంధన కంపెనీల్లోనే ఉన్నాయి. భూతాపం తగ్గిస్తామని మాటిచ్చిన దేశమే దాన్ని పెంచే కంపెనీల్లో వాటాలు కొనడమేంటన్నది బిల్లు వెనకున్న ప్రశ్న.

ప్రభుత్వం వద్దంది. కానీ అది మైనారిటీ ప్రభుత్వం. ప్రతిపక్షాలు ఒక్కటవడంతో 2017 జనవరి 26న దిగువసభలో బిల్లుకు 90 ఓట్లు అనుకూలంగా, 53 వ్యతిరేకంగా పడ్డాయి. కమిటీ పరిశీలన, సవరణల తర్వాత ప్రభుత్వమూ దారికొచ్చింది. 2018 జులై 12న దిగువసభ, నవంబరులో ఎగువసభ ఆమోదించాయి. డిసెంబరు 17న అధ్యక్షుడు సంతకం చేశారు. ఆదాయంలో 20 శాతం, అంతకు మించి ఈ ఇంధనాల తవ్వకం, శుద్ధి నుంచే వచ్చే కంపెనీలన్నీ చట్టం పరిధిలోకి వచ్చాయి.

మన దగ్గరైతే...

లోక్‌సభలో సభ్యుల సొంత బిల్లులకు కేటాయించేది శుక్రవారం మధ్యాహ్నం. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటివి చట్టాలైనవి 14 మాత్రమే. చివరిది 1970లో!

బొగ్గు విషయంలో మన పార్లమెంటు మరో దారి పట్టింది. 2015లో తెచ్చిన చట్టాలతో గనుల వేలానికి తలుపులు తెరిచింది. మంచిర్యాల జిల్లాలోని శ్రావణపల్లి సహా నాలుగు బ్లాకులను వేలం వేయొద్దంటూ 2021 డిసెంబరులో సింగరేణి కార్మికులు మూడు రోజులు సమ్మె చేశారు.

సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే కంపెనీ మొత్తం ప్రజల సొమ్మే. ఐర్లండ్ నిధికి బొగ్గు అంటే ఖాతాలో ఓ లెక్క. షేర్లు అమ్మేస్తే పనైపోతుంది. వాటిని ఇంకొకరు కొంటారు, తవ్వకం మాత్రం ఆగదు. శ్రీరాంపూర్‌లో బొగ్గంటే మొదటి షిఫ్టు, క్వార్టరు, పిల్లల ఫీజు, కిరాణా కొట్టు ఖాతా.

చట్టం చెప్పనిది

ఈ చిక్కు ఐర్లండ్‌కూ తెలుసు. చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి కాల్చే పీట్ అక్కడ ఎన్నో ఊళ్లకు బతుకుతెరువు. 2020 డిసెంబరులో షానన్‌బ్రిడ్జ్, లేన్స్‌బరో పీట్ విద్యుత్ కేంద్రాలు మూతపడ్డాయి. అది ఈ చట్టం వల్ల కాదు. అయినా ఒక సంగతి అర్థమైంది. డబ్బు ఎక్కడ పెట్టకూడదో చట్టం చెప్పింది కానీ, పని పోయినవాళ్లు ఎక్కడికెళ్లాలో చెప్పలేదు. ఆ ప్రాంతం కోసం 2019లోనే ప్రత్యేకంగా ఓ కమిషనర్‌ను నియమించాల్సి వచ్చింది.

సింగరేణిలో ఏ చట్టమూ లేకుండానే పని తగ్గిపోయింది. 1990ల మొదట్లో లక్షకు పైగా ఉన్న కార్మికులు దాదాపు 40 వేలకు దిగారు. బొగ్గు మాత్రం తగ్గలేదు, 2023-24లో 7 కోట్ల టన్నులకు చేరింది. ఓపెన్‌కాస్టులు, యంత్రాలు వచ్చి మనుషుల్ని పక్కకు నెట్టాయి. సోలార్ ప్లాంట్లు వచ్చినా, గని ఇచ్చినన్ని కొలువులు అవి ఇవ్వలేవు.

బొగ్గుకు ఎప్పుడో ఒకప్పుడు సెలవు చెప్పక తప్పదు. ఆ రోజు కోసం మన పార్లమెంటులో ఏ బిల్లు వచ్చినా, డబ్బు గురించి రాసిన కాగితం మీదే మనుషుల గురించీ రాయాలి. లేదంటే శ్రీరాంపూర్‌లో ఆ మాటకు పాత అర్థమే మిగులుతుంది.