అక్కచెల్లెళ్ల వాటా మన దయాదాక్షిణ్యం కాదు

కొంతకాలం క్రితం అసర్ నమాజు తరువాత ఒక పరిచయస్థుడు నా పక్కన వచ్చి కూర్చున్నారు. తండ్రిగారు మరణించి ఆరు నెలలైందని, పొలం సోదరులిద్దరి పేరిట మార్పించుకున్నామని చెప్పారు.

“మరి మీ ఆపాలు?” అని అడిగాను.

“ఇద్దరూ సంతోషంగా సంతకాలు పెట్టేశారు, మౌల్వీ సాబ్. పెళ్లిళ్లప్పుడు బాగానే ఇచ్చాము కదా!”

“సంతకం పెట్టించే ముందు వారి వాటా ఎంతో వారికి చెప్పారా?”

ఆయన సమాధానం చెప్పలేదు. ఈ మౌనం ఆయన ఒక్కరిదే కాదు. నమాజు, రోజాల విషయంలో ఎంతో జాగ్రత్త వహించే మన ఇళ్లలో సైతం పొలం పంపకం దగ్గరకు వచ్చేసరికి షరీఅత్ పక్కకు తప్పుకుంటుంది, ఆచారం ముందుకు వస్తుంది.

ఇస్లాంకు పూర్వం అరబ్బు సమాజంలో ఆయుధం పట్టగలవాడికే ఆస్తి దక్కేది. హిజ్రీ 3వ సంవత్సరంలో (క్రీ.శ. 625) ఉహుద్ యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) అమరులయ్యారు. ఆయన సోదరుడు ఆస్తినంతా స్వాధీనం చేసుకున్నాడు. ఆ వీరుని భార్య తన ఇద్దరు కుమార్తెలను వెంటబెట్టుకుని దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వచ్చి, సొమ్ము లేనిదే ఈ బిడ్డల వివాహం ఎలా జరుగుతుందని మొరపెట్టుకున్నారు. అప్పుడే వారసత్వ ఆయతు అవతరించిందని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం తెలుపుతున్నది. దైవప్రవక్త (సఅసం) ఆ సోదరుని పిలిపించి, కుమార్తెలకు మూడింట రెండు వంతులు, వారి తల్లికి ఎనిమిదో వంతు ఇవ్వాలని, మిగిలినదే అతనిదని ఆదేశించారు.

దివ్య ఖుర్ఆన్ ‘అన్నిసా’ సూరా 7వ ఆయతు పురుషుల వాటాను, స్త్రీల వాటాను విడివిడిగా ప్రస్తావించింది. ఆస్తి కొంచెమైనా, ఎక్కువైనా ఆ వాటా విధిగా నిర్ణయమైనదని చెప్పింది. నగలు వేరు, పొలం వేరు అనే భేదం అందులో లేదు. ఇంగ్లండులో వివాహిత స్త్రీ తన ఆస్తిపై పూర్తి స్వతంత్ర హక్కు పొందడానికి 1882 నాటి చట్టం దాకా వేచి ఉండవలసి వచ్చింది.

అయితే మన దేశంలో ఏం జరిగింది? పంజాబు వంటి ప్రాంతాలలో ముస్లిం కుటుంబాలే స్థానికాచారం పేరిట కుమార్తెలకు భూమి ఇవ్వలేదు. న్యాయస్థానాలు ఆ ఆచారాన్నే గుర్తించాయి. ఈ అన్యాయాన్ని తొలగించడానికి 1937లో షరీఅత్ అన్వయ చట్టం వచ్చింది. కాని వ్యవసాయ భూమిని అందులో మినహాయించారు, ఎందుకంటే అది అప్పుడు రాష్ట్రాల అధికార పరిధిలోని విషయం. 1949లో మద్రాసు ప్రభుత్వం సవరణ చేసి ఆ మినహాయింపును తొలగించింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉండేవి. అంటే అక్కడి ముస్లిం కుమార్తెలకు పొలంలో వాటా చట్టరీత్యా కూడా ఖాయమై డెబ్బై ఏళ్లు దాటింది. ఇప్పుడు అడ్డు నిలిచినది చట్టం కాదు, మనమే.

ఒక లెక్క చూడండి. ఒక వ్యక్తి భార్యను, ఇద్దరు కుమారులను, ఇద్దరు కుమార్తెలను, 4 ఎకరాల 80 సెంట్ల పొలాన్ని విడిచి మరణించాడనుకుందాం. అంత్యక్రియల ఖర్చు, అప్పులు, వసియ్యత్ తీరిన తరువాత మిగిలినది ఇదే. చెల్లించని మహర్ కూడా అప్పే సుమా! భార్యకు ఎనిమిదో వంతు, 60 సెంట్లు. మిగిలిన 420 సెంట్లలో ఒక్కొక్క కుమారునికి 140, ఒక్కొక్క కుమార్తెకు 70. కుమారునికి రెట్టింపు ఎందుకంటే మహర్ చెల్లించవలసిన బాధ్యత, భార్యాబిడ్డలను పోషించే బాధ్యత అతనివే. కుమార్తె వాటాపై అలాంటి భారం ఏదీ లేదు.

పెళ్లిలో ఇచ్చిన సామాను వారసత్వం కాదు. తండ్రి జీవించి ఉండగా ఇచ్చినది కానుక, వారసత్వ హక్కు పుట్టేది ఆయన మరణంతోనే. పుట్టింటి గడప దూరమవుతుందేమోనన్న భయంతో పెట్టిన సంతకం మనస్ఫూర్తి అంగీకారమూ కాదు. ముందు ఆమె వాటా ఎంతో చెప్పాలి, విడదీసి ఆమె స్వాధీనం చేయాలి. ఆ తరువాత ఆమె ఇష్టపడి ఇస్తే అది హిబా.

ఇది రాస్తున్న నేను నిర్దోషిని కాను. ఏళ్ల తరబడి మదరసాలో విద్యార్థులకు వారసత్వ శాస్త్రం బోధించాను. అయినా మా అబ్బాజాన్ మరణించాక మా చెల్లెలి వాటా విడదీయడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆమె అడగలేదు. అడగలేదు కదా అని నేను ఆగాను. చివరకు పట్టాదారు పాస్‌బుక్కు చేతికిచ్చిన రోజున ఆమె తన పేరును రెండుసార్లు చదువుకుంది. “భాయీజాన్, అబ్బా నన్ను మరచిపోలేదన్నమాట” అంది. మరచినది అబ్బా కాదు, నేను.

జానెడు భూమిని అన్యాయంగా ఆక్రమించినవాని మెడకు ప్రళయదినాన ఏడు భూముల భారం చుట్టబడుతుందని దైవప్రవక్త (సఅసం) హెచ్చరించారు. ఆ జానెడు పొరుగువాని గట్టు మాత్రమే అనుకుంటున్నాము. అక్కచెల్లెళ్ల 70 సెంట్లు కూడా భూమే.

నాతో మాట్లాడిన ఆ సోదరుడు తన ఆపాలను ఇంటికి పిలుస్తానన్నారు. మీ ఇంట ఇటువంటి పంపకం మిగిలి ఉంటే మీరూ పిలవండి. విందు చేసి చీర పెట్టి పంపడానికి కాదు, కాగితాలు ముందుంచి లెక్క చెప్పడానికి. ఇతరుల హక్కును మన పిల్లల పళ్లెంలో పెట్టే పాపం నుండి అల్లాహ్ మనలను కాపాడుగాక! ఆమీన్.