రైతు యింట విద్యుత్తు కారు

విద్యుచ్ఛక్తితో నడచు కార్లు నేడు పట్టణములకే పరిమితములు గావు. మండల కేంద్రములలో ఎరువుల దుకాణముల ముందర, మార్కెటు యార్డుల వెలుపల, పెండ్లి పందిళ్ల యొద్ద ఆకుపచ్చ నంబరు పలక గల బండ్లు కనబడుచున్నవి. పెట్రోలు అక్కరలేదు, కిలోమీటరుకు ఒక్క రూపాయితో తిరుగవచ్చునని అమ్మువారు చెప్పుచున్నారు. ఈ బండి మనవంటివారికి పనికివచ్చునా, కొన్నచో ఎట్టిది కొనవలెనని సభ్యులు పలువురు విచారించుచున్నారు. అమ్మువారి మాట అబద్ధము గాదు గాని అది సగము లెక్క మాత్రమే. తక్కిన సగము కొనువాని యింటి మీటరు మీదను, అతడు నెలకు తిరుగు దూరము మీదను ఆధారపడియున్నది. ఈ రెంటిని తేల్చుకొనిన పిదపనే రైతు దుకాణము మెట్లెక్కుట మంచిది.

విద్యుత్తు కారులో యంత్రభాగములు స్వల్పము. ఇంజను లేదు, ఇంజను ఆయిలు లేదు, సైలెన్సరు లేదు. మోటారును, దానిని నడుపు బ్యాటరీయును ముఖ్యములు. ధరలో పెద్దపాలు బ్యాటరీదే. దాని పరిమాణమును కిలోవాట్ అవరులలో చెప్పుదురు. ఈ మాటకు బెదరనక్కరలేదు. కిలోవాట్ అవరనగా మన మీటరులో తిరుగు యూనిట్టే. 19 యూనిట్ల బ్యాటరీ యనగా, మన బావి మీది అయిదు హార్సుపవరు మోటారు నాలుగైదు గంటలలో త్రాగు కరెంటును పట్టు తొట్టియని యెరుగునది. చిన్న కారు ఒక్క యూనిట్టుకు ఏడెనిమిది కిలోమీటర్లు నడచును. గోడ ప్లగ్గు నుండి బ్యాటరీలోనికి పోవు దారిలో కొంత కరెంటు వేడిమిగా నష్టమగును గనుక, నూరు కిలోమీటర్లకు మీటరులో పదునైదు యూనిట్లు తిరుగునని లెక్కించుట క్షేమము.

మన దేశమున ఈ బండ్లు క్రొత్తవి గావు. 2001 లోనే బెంగుళూరులో రేవా యను చిన్న కారు తయారై అమ్మకమునకు వచ్చెను. అది ట్రాక్టరులో ఉండునట్టి సీసపు బ్యాటరీలతో నడచినది. ఒక్కమారు చార్జి చేసిన ఎనుబది కిలోమీటర్లు పోవునని చెప్పిరి. సీసపు బ్యాటరీ ఆయుర్దాయ మెంతయో ట్రాక్టరు గలవారికి వేరుగ చెప్పనేల? నేటి కార్లలో ఉన్నది లిథియం బ్యాటరీ. అందును చౌక కార్లలో ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమును వాడుచున్నారు. ఇది బరువైనను వేడిమిని బాగుగా ఓర్చును, పలుమారులు నింపి ఖాళీచేసినను త్వరగా సత్తువ కోల్పోదు. మన యెండలకు ఇదియే తగినది. బ్యాటరీ ఏ రకమని అమ్మువానిని అడిగి, ఆ సమాధానమును వ్రాతపూర్వకముగ తీసికొనవలెను.

తక్కువ వెలకు దొరకు కార్లు చాల లేవు. టాటావారి టియాగో విద్యుత్తు కారు 2022 సెప్టెంబరులో 8 లక్షల 49 వేల ప్రారంభ ధరకు వచ్చినది, 19.2, 24 యూనిట్ల రెండు బ్యాటరీలు, అయిదుగురకు చోటు. ఎం.జి. వారి కామెట్ 2023 లో 7 లక్షల 98 వేలకు వచ్చినది; 17 యూనిట్లకు పైచిలుకు బ్యాటరీ, రెండే తలుపులు, నలుగురకు చోటు, పండ్రెండంగుళముల చిన్న చక్రములు. పట్టణపు సందులలో త్రిప్పుటకు అంత ముచ్చటైన బండి మరియొకటి లేదు గాని, డొంకదారిలో బండిజాడల నడుమ ఆ చక్రము లెంతకాలము సుఖపడునో సందేహమే. 2024 జనవరిలో 10 లక్షల 99 వేలకు వచ్చిన పంచ్ విద్యుత్తు కారు నేలకు 190 మిల్లీమీటర్ల యెత్తున ఉండును. మట్టిదారి గల గ్రామమువారికి ఆ యెత్తు అక్కరకు వచ్చును గాని, దానికై రెండు మూడు లక్షలు అధికముగ పెట్టవలసియున్నది. ఈ ధరలు విడుదలనాటివి. తరువాత తగ్గుచు పెరుగుచు వచ్చినవి. పైగా ఇవి దుకాణపు ధరలు. భీమాయును ఇతర రుసుములును వేరు. తెలంగాణములో 2024 నవంబరు 18 నుండి 2026 డిసెంబరు 31 వరకు విద్యుత్తు వాహనములకు రోడ్డు పన్నును రిజిస్ట్రేషను రుసుమును పూర్తిగా మినహాయించిరి. కొనుటకు ముందుగా ఎవరి జిల్లా రవాణా కార్యాలయములో వారు నాటి నియమమును కనుగొనవలెను.

ఒక్క చార్జికి ఇన్ని కిలోమీటర్లని కంపెనీవారు ప్రకటించు సంఖ్య పరీక్షాశాలలో తేలినది. టియాగోకు 2022 లో 250, 315 కిలోమీటర్లని చెప్పిరి. నలుగురు కూర్చుండి, ఏ.సి. వేసికొని, వెనుక రెండు బస్తాలు పెట్టికొని పోవు బండికి ఆ సంఖ్యలో మూడింట రెండు పాళ్లు వచ్చిన చాలునని తలచవలెను. 250 అన్నచోట 165. అందులో దారిలో ఆగిపోకుండ ముప్పదియైదు మిగుల్చుకొన్నచో 130. అనగా అరువది అరువదియైదు కిలోమీటర్ల దూరము పోయి, అచ్చట చార్జి చేయకయే యింటికి మరలి రావచ్చును. జిల్లా కేంద్రమునకు, ఆసుపత్రికి, పిల్లల కళాశాలకు పోవు రైతుకు సాధారణముగ ఇది సరిపోవును. ఇట్టివానికి పెద్ద బ్యాటరీకై లక్షలు పోయుట దండుగ.

ఇక లాభనష్టముల మాట. ఒకే తరగతిలోని పెట్రోలు కారు కంటె విద్యుత్తు కారు మూడు లక్షలు ఎక్కువ యనుకొందము. 2025 సెప్టెంబరు 22 న చిన్న పెట్రోలు కార్ల మీది జి.ఎస్.టి. 28 నుండి 18 శాతమునకు తగ్గినది; విద్యుత్తు కార్లకు 2019 ఆగస్టు నుండి ఉన్నది 5 శాతమే. కావున ఈ వ్యత్యాసము పెట్రోలు వైపునకే కొంత మొగ్గినది. పెట్రోలు కారు లీటరుకు 18 కిలోమీటర్లిచ్చి, లీటరు 108 రూపాయలైనచో కిలోమీటరుకు ఆరు రూపాయలు. కరెంటుకు ఒక రూపాయి. మిగులు అయిదు రూపాయలు. ఆ మూడు లక్షలు నూటికి తొమ్మిది వంతున అప్పు తెచ్చినవైనచో నెలకు వడ్డీయే 2,250 రూపాయలు. నెలకు 450 కిలోమీటర్లు తిరిగిననే ఆ వడ్డీ తీరును. అంతకంటె తక్కువ తిరుగువానికి పెట్రోలు ఆదాయ మంతయు వడ్డీకే పోయి, అసలు ఎన్నటికిని తీరదు. నెలకు వేయి కిలోమీటర్లు తిరుగువానికి ఇంచుమించు ఆరేండ్ల యెనిమిది నెలలలో ఆ మూడు లక్షలు వడ్డీతో సహా తీరును. రెండువేలు తిరుగువానికి మూడేండ్లు చాలును. టియాగో బ్యాటరీకి కంపెనీవారిచ్చు హామీ ఎనిమిదేండ్లు లేక 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైన అది. కావున దినమునకు ముప్పది నలుబది కిలోమీటర్లు తప్పక తిరుగువాడు, అనగా పాలు, కూరగాయలు పట్టణమునకు చేర్చువాడు, ఉద్యోగమునకు పోయివచ్చువాడు, రెండు గ్రామములలో వ్యవసాయము గలవాడు, ఈ బండిని కొనవచ్చును. పండుగకు పబ్బమునకు మాత్రమే బయటికి తీసి, తక్కిన దినములు వేపచెట్టు క్రింద కట్టివేయువాడు పెట్రోలు బండితో తృప్తిపడుటయే మేలు. లేనిచో అద్దెబండి మరియు మేలు.

కిలోమీటరుకు రూపాయి యను మాట యింటివద్ద చార్జి చేయువానికే వర్తించును. ఆంధ్రప్రదేశములో 2022 లో అమలునకు వచ్చిన గృహవినియోగపు ధరలను బట్టి చూతము. ఒక యింట నెలకు 120 యూనిట్లు కాలుచున్నవనుకొందము. కారునకు 150 చేరి 270 అగును. ఈ అదనపు 150 లో మొదటి అయిదు యూనిట్లకు నాలుగున్నర వంతున, తరువాతి నూరింటికి ఆరు వంతున, చివరి నలుబదియైదింటికి ఎనిమిదింబావలా కాదు, ఎనిమిది రూపాయల డెబ్బదియైదు పైసల వంతున పడి, మొత్తము 1,016 రూపాయలగును. ఇదివరకే మూడువందల యూనిట్లు కాల్చు యింటికి పై మెట్టు ధరయే పడును గనుక రూపాయింబావలా దాటును.

తెలంగాణమువారికి వేరొక చిక్కు కలదు. 2024 లో ప్రారంభమైన గృహజ్యోతి పథకము క్రింద 200 యూనిట్లలోపు వాడు అర్హులైన కుటుంబములకు బిల్లు లేదు. ఆ హద్దు దాటిన నెలలో బిల్లు మొత్తము చెల్లించవలెను. ఇంటికి 120 కాలుచుండగా కారు 150 త్రాగినచో, కారు త్రాగిన వానికే గాక 270 యూనిట్లకును సొమ్ము కట్టవలసివచ్చును. దీనికి మార్గము లేకపోలేదు. వాహనము చార్జి చేసికొనుటకు వేరు కనెక్షను కోరు హక్కును 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమములు కలుగజేసినవి. వేరు మీటరు పెట్టుకొన్నచో యింటి లెక్క యింటిది, బండి లెక్క బండిది.

బావివద్ద ఉచిత కరెంటుండగా యింటివద్ద డబ్బేల కట్టవలెనను ఊహ కొందరికి తోచకపోదు. వ్యవసాయపు కనెక్షనును కారునకు వాడుట 2003 నాటి విద్యుత్ చట్టము 126 వ సెక్షను ప్రకారము అనధికార వినియోగము. పట్టుబడినచో రెట్టింపు ధర వేయుదురు. కారు ఆదా చేయు సొమ్ముకై బావి కనెక్షనుకే తగవు తెచ్చుకొనుట తగదు.

ఇంటి కనెక్షను సంగతి కొంచెము విపులముగ చూడవలెను. చిన్న కార్లతో వచ్చు చార్జరు సామాన్యముగ 3.3 కిలోవాట్లది, పదునైదు ఆంపియర్ల ప్లగ్గునకు తగిలించవచ్చును, 19 యూనిట్ల బ్యాటరీని రాత్రి ఏడు గంటలలో నింపును. కాని పల్లెయిండ్లలో అనేకములకు మంజూరైన లోడు ఒక కిలోవాట్టే. దానిని ముందుగా పెంచుకొనవలెను. మీటరు నుండి బండి నిలుపు చోటికి నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేరుగ లాగి, దానికొక ఎం.సి.బి. యును, కరెంటు కారినపుడు తెగగొట్టు సాధనమును పెట్టించవలెను. ఫ్యానునకు వేసిన తీగతో ఏడు గంటలు పదునైదు ఆంపియర్లు లాగిన ప్లగ్గు మాడిపోవును. గడ్డివాము ప్రక్కనున్న పాకలో అది చిన్న విషయము గాదు. అన్నిటికంటె ముఖ్యము ఎర్తింగు. మన యిండ్లలో మూడవ రంధ్రము తరచుగ అలంకారమునకే ఉండును. ఎర్తింగు లేనిచో చాల చార్జర్లు ఎర్రదీపము వెలిగించి ఊరకుండునే గాని పనిచేయవు. క్రొత్త బండి నింటికి తెచ్చి, హారతి పట్టి, రాత్రి ప్లగ్గు పెట్టినపుడు ఈ సంగతి తెలియుటకంటె, వారము ముందుగానే గుంట త్రవ్వి, బొగ్గు ఉప్పు వేసి ఎర్తు పాతించుట మేలు. ఊరిలో వోల్టేజి తక్కువైనచో చార్జి నెమ్మదించును లేదా నిలిచిపోవును. మోటార్లన్నియు ఆడు వేళలలో మీ యింట వోల్టేజి ఎంత పడిపోవుచున్నదో, కొనుటకు ముందే ఎలక్ట్రీషియనుచేత కొలిపించవలెను.

కొందరు కంపెనీవారు బ్యాటరీ ధర విడిచి బండి మాత్రము అమ్మి, బ్యాటరీకి కిలోమీటరు వంతున బాడుగ తీసికొను పద్ధతి పెట్టిరి. 2024 లో విండ్సర్ కారు 9 లక్షల 99 వేలకును, కిలోమీటరుకు మూడున్నర బాడుగకును వచ్చినది. కామెట్ కారునకు ఆ పద్ధతిన 4 లక్షల 99 వేలును, రెండున్నర బాడుగయు పెట్టిరి. మొదటి వెల చూచిన చౌకగా తోచును. కాని బాడుగ రెండున్నరకు కరెంటు రూపాయి చేర్చిన మూడున్నర. పెట్రోలుపై మిగులు సగమైనది. తిరిగినను తిరుగకున్నను నెలకు కనీసము ఇన్ని కిలోమీటర్లకు కట్టవలెనను షరతున్నదా యని కాగితములో చదివిగాని సంతకము చేయరాదు. ఇది కౌలు వంటిది. కౌలు పత్రము చదువకుండ భూమి దున్నువారుందురా?

వాయిదాల విషయము మరియు గట్టిది. మోటారు కంపెనీల అప్పునకు నెలనెలకు వాయిదా; రైతునకు రాబడి పంట చేతికి వచ్చినపుడు. పాడి గాని జీతము గాని నెలసరి రాబడి యింటలేనివాడు నెలసరి వాయిదాకు ఒప్పుకొన్నచో, రెండవ పంటకు ఎరువులు కొనుటకుంచిన సొమ్ము అచ్చటికే పోవును. సంఘములో తీసిన పంట ఋణమును బండికి మళ్లించువాడు గడువునకు చెల్లింపలేక, సకాలమున తీర్చినవారికి వచ్చు వడ్డీ రాయితీని పోగొట్టుకొనును. మరియొకటి గమనింపదగియున్నది. ఆంధ్రప్రదేశములో 2025 లో తల్లికి వందనము పథకపు నియమములలో, సొంత నాలుగుచక్రముల బండి గల కుటుంబమునకు అర్హత లేదనిరి. టాక్సీ, ఆటో, ట్రాక్టరులకు మినహాయింపు నిచ్చిరి. ఇట్టి పథకములు పొందుచున్న యింటివారు దీనిని గూడ లెక్కలో వేసికొనవలెను.

దూరప్రయాణములు అరుదుగ చేయువారికి రహదారి ప్రక్క చార్జింగు కేంద్రములున్నవి. విజయవాడ నుండి హైదరాబాదు 275 కిలోమీటర్లు. చిన్న బ్యాటరీ కారు నడుమ ఒకటి రెండు తావుల ఆగవలెను. వేగముగ నింపు యంత్రముపై టియాగో నూటికి పది నుండి ఎనుబది వరకు నిండుటకు గంట పట్టును. అచ్చటి ధర యింటి ధరకు రెండు మూడు రెట్లుండును. కామెట్ కారునకు ఆ వేగపు యంత్రము తగులదు.

పాత విద్యుత్తు కార్లు ఇపుడు సగము వెలకు దొరకుచున్నవి. కంపెనీ సర్వీసు కేంద్రములో బ్యాటరీ ఆరోగ్యము నూటికి ఎంతయున్నదో పరీక్షింపజేసి కాగితము తీసికొనవలెను. మిగిలిన హామీ రెండవ యజమానికి చెల్లునా యని అడుగవలెను. ఆపై మరియొక సులువైన పరీక్ష కలదు. సాయంకాలము నిండుగ చార్జి చేయించి, ఉదయమున నలుగురతో ఏబది కిలోమీటర్లు నడిపి చూడవలెను. 19 యూనిట్ల బండి మంచిదైనచో నూటికి ముప్పది, ముప్పదియైదు వంతులు తరుగును. సగము తరిగినచో బేరము మాట ఎత్తకుండ అమ్మువాని వాకిటనే వదలి రావచ్చును.